పర్చేజ్ విభాగంలో ఉద్యోగం అంటే కమీషన్లేనా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి బీకాం పూర్తిచేసింది. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు పర్చేజ్ విభాగంలో ట్రైనీగా అవకాశం వచ్చింది. తనేమో అది వద్దని, సస్టెయినబిలిటీలో (పర్యావరణానికీ మనుషులకూ హాని లేకుండా వ్యాపారం నడిపే విధానాలపై) పీజీ డిప్లొమా చేసి, పెద్ద కంపెనీల్లో కొనుగోళ్లు పద్ధతిగా, న్యాయంగా జరిగేలా చూసే ఉద్యోగానికి వెళ్తానని అంటోంది. పర్చేజ్ అంటే కమీషన్లు తినే చోటని మాకూ భయమే. ఏం చేయమంటారు? (ఒక తండ్రి)

జవాబు: ఆ ట్రైనీ ఉద్యోగంలో చేరమనే నా సలహా. డిప్లొమా ఎక్కడికీ పోదు. రెండేళ్లు ఆగి చేసినా చదువు అదే, కాకపోతే అప్పటికి పాఠంలో వచ్చే ప్రతి మాటకూ తను చూసిన ఒక చెరువో, ఒక బిల్లో, ఒక సరఫరాదారో గుర్తుకొస్తారు. సరుకు కొనడమే తెలియనివారికి దాన్ని న్యాయంగా కొనడం నేర్పే చదువు నాకింతవరకు కనబడలేదు.

మీ ప్రాంతపు రొయ్యనే తీసుకుందాం. ఇద్దరు ఏజెంట్లు 40 కౌంట్ సరుకు, అంటే కిలోకు నలభై తూగే రొయ్య, ఇస్తామని ప్లాంటుకు వచ్చారనుకోండి. మొదటివాని ధర కిలోకు 10 రూపాయలు తక్కువ. అయితే అతని కాగితాల్లో రైతు పేరు గానీ, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులను చూసే కేంద్ర సంస్థ ఎంపెడాలో నమోదైన చెరువు నంబరు గానీ, సీడ్ (రొయ్య పిల్లలు) ఏ హేచరీలో పుట్టిందన్న వివరం గానీ ఉండవు. నాలుగైదు చెరువుల పట్టుబడి ఒకే బండిలో కలిసిపోయి ఉంటుంది. రెండోవాడు ఏ చెరువు సరుకు ఆ చెరువుదిగా విడిగా తెచ్చి, పట్టుబడికి ముందు ఎలైజా ల్యాబులో చేయించిన యాంటీబయాటిక్ పరీక్ష నివేదికను కూడా జతచేస్తాడు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి మందులను రొయ్యల సాగులో వాడటం నిషేధం. వాటి ఆనవాళ్లు విదేశీ రేవులో బయటపడితే సరుకు తిరుగుముఖం పట్టినట్టే. అప్పుడు అది ఏ చెరువుదో తేల్చలేని ప్లాంటు, మందు వాడిన ఒక్క రైతుతో పాటు ఏ పాపం ఎరుగని మిగతావారినీ దూరం పెడుతుంది. ఆ పది రూపాయల దగ్గర నిర్ణయం తీసుకునేది పర్చేజ్ విభాగమే. మీ అమ్మాయి చేయాలనుకుంటున్న ఉద్యోగం ఇదే, పేరొక్కటే వేరు.

ఐరోపా సమాఖ్య 2016లో మన సాగు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అమెరికా కూడా 2018 డిసెంబరు ఆఖరు నుంచి, దిగుమతయ్యే రొయ్య ఎక్కడ పెరిగిందో తెలిపే రికార్డులను దిగుమతిదారులు ఉంచాలని నిబంధన పెట్టింది. జర్మనీలో 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సరఫరా గొలుసు చట్టం, పెద్ద కంపెనీలు తమ సరఫరాదారుల దగ్గర బాలకార్మికులు, వెట్టిచాకిరీ వంటివి లేకుండా చూసుకోవాలంటోంది. కొనేవాడు అక్కడ అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు వెతకవలసింది ఇక్కడి ప్లాంటులోనే.

మనుషుల సంగతికి వస్తే, కాగితం ఒక్కటే చాలదని అమ్మాయి మొదటిరోజు నుంచే గుర్తుంచుకోవాలి. బంగ్లాదేశ్‌లో 2013 ఏప్రిల్ 24న బట్టలు కుట్టే ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలు పగుళ్లిచ్చాయి. కింద ఉన్న బ్యాంకు మూసేసి సిబ్బందిని పంపించేసింది, పైన ఉన్న కుట్టు కార్మికులను మాత్రం మర్నాడు మళ్లీ పనిలోకి రమ్మన్నారు. ఆ ఫ్యాక్టరీల్లో కొన్ని అంతకుముందే సామాజిక ఆడిట్లు, అంటే కార్మికుల పరిస్థితులపై తనిఖీలు, పూర్తిచేసుకున్నవి. అందుకే ప్లాంటులో రొయ్య ఒలిచే మహిళలకు కాంట్రాక్టరు ఇచ్చే కూలి రిజిస్టరులో ఒకటి, చేతికి ఒకటి కాకుండా ఉందా, పీఎఫ్ నిజంగా కడుతున్నాడా అన్నది అడిగి తెలుసుకునే అలవాటు ఆడిటర్ వచ్చే వారానికి మాత్రమే పరిమితం కాకూడదు.

కొనేవారి ప్రవర్తన సంగతి ఎవరూ పెద్దగా ఎత్తరు. గీచి గీచి బేరమాడి, రాత్రికి రాత్రి ఆర్డరు రెట్టింపు చేసి, డబ్బు మాత్రం మూడు నెలలు తిప్పించుకుని ఇచ్చే కంపెనీ, అదే సరఫరాదారుతో నీతినియమావళి మీద సంతకం పెట్టించుకుంటే ఆ సంతకానికి విలువేముంటుంది? మన ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం (2006) ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఆ గడువు దాటిన బాకీని చెల్లించిన ఏడాదిలో తప్ప ఖర్చుగా చూపడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఐస్, అట్టపెట్టెలు సరఫరా చేసే చిన్న యూనిట్ల బిల్లులు ఎన్ని రోజులకు తెగుతున్నాయో లెక్కగట్టి చూపడం బీకాం చదివిన అమ్మాయికి వారం రోజుల పని. నిజానికి ఆమె చదువు ఆమెకు అక్కరకు వచ్చేది ఇక్కడే.

ఉద్యోగాల విషయానికొస్తే, మార్కెట్ విలువలో మొదటి 1,000 స్థానాల్లో ఉన్న లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరతపై) నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఆదేశం. ముడిసరుకులో ఎంత శాతం సుస్థిర పద్ధతిలో సేకరించారో, ఎంత శాతం చిన్న పరిశ్రమల నుంచి కొన్నారో అందులో చెప్పాలి. ఆ లెక్కలు తీయగలవారు కంపెనీలకు కావాలి.

చదువు మానమని అనడం లేదు. ఉద్యోగం చేస్తూనే బ్రిటన్‌కు చెందిన కొనుగోలు నిపుణుల సంస్థ సిఐపిఎస్ లెవెల్ 4 డిప్లొమా రాయవచ్చు. బాధ్యతాయుత సేకరణ మీద అందులో ఒక పేపరే ఉంది. ఖర్చు ఎక్కువనుకుంటే ఐఐఎంఎం (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటీరియల్స్ మేనేజ్‌మెంట్) కోర్సులున్నాయి, విశాఖలో, హైదరాబాద్‌లో శాఖలున్నాయి. వ్యవసాయ సరుకుల వైపే ఉండాలనుకుంటే మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష క్యాట్ రాసి హైదరాబాద్‌లోని మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ)లో రెండేళ్ల అగ్రిబిజినెస్ పీజీడీఎంకు ప్రయత్నించవచ్చు. ‘ఐఎస్ఓ 20400 సర్టిఫికేషన్’ ఇప్పిస్తామనే ప్రకటనలకు మాత్రం డబ్బు కట్టకండి. బాధ్యతగా కొనుగోళ్లు చేయడంపై 2017లో వచ్చిన ఆ అంతర్జాతీయ ప్రమాణం మార్గదర్శకం మాత్రమే, దానికి కంపెనీలకు సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి లేదు.

ఇక మీ భయం. అది ఊరికే పుట్టింది కాదు. సరుకు రాకుండానే వచ్చినట్టు రసీదు రాయమన్న పై అధికారుల కథలు నా దగ్గరికి వచ్చే పిల్లలు చాలామంది చెప్పారు. చేరేముందు ఆ ప్లాంటులో మూడు విషయాలు కనుక్కోండి: కనీసం రెండు మూడు కొటేషన్లు తీసుకునే రివాజు ఉందా, సరుకు అందినట్టు సంతకం చేసేవారూ బిల్లు పాస్ చేసేవారూ వేర్వేరా, సరఫరాదారుల నుంచి పండగ కానుకలు తీసుకోవడంపై రాతపూర్వక నియమం ఉందా. మూడింటికీ తడబడితే ఆ ప్లాంటు వదిలేసి, మరొక ప్లాంటులో ఇదే ఉద్యోగం వెతుక్కోమనండి. చేరాక ఎప్పుడైనా చూడని సరుకుకు సంతకం పెట్టమంటే, ‘మెయిల్‌లో రాసి పంపండి సార్’ అని మర్యాదగా అనడం నేర్చుకోమనండి; ఆ మాట వినగానే సగంమంది వెనక్కి తగ్గుతారు.