శుభలేఖను జర్మన్‌లోకి తెచ్చేటప్పుడు

తమ్ముడూ,

శుభలేఖ అనువాదం ఒప్పుకున్నావట. ఇరవై లైన్లు కూడా ఉండవు గానీ, అచ్చయ్యాక దిద్దడానికి వీల్లేని పని.

ముందు పిలిచేది ఎవరో చూసుకో. వధూవరులే పిలుస్తుంటే 'వీర్ హైరాటెన్' (మేం పెళ్లి చేసుకుంటున్నాం) చాలు. పెద్దల పేరుతో లాంఛనంగా వెళ్లే కార్డయితే 'వీర్ గేబెన్ ఉన్స్ డీ ఏరె' అని ఎత్తుకుని 'ఐన్‌త్సులాడెన్'తో ముగించు. 'సగౌరవంగా ఆహ్వానిస్తున్నాం'కి అదే జోడీ. 'హీర్‌మిట్' (ఇందుమూలంగా) అని మాత్రం మొదలుపెట్టకు, ఆఫీసు నోటీసులా ఉంటుంది.

పెళ్లికి మాటలు చాలానే ఉన్నాయి. వేడుక మొత్తం 'హోఖ్‌త్సైట్', తంతు 'ట్రావుంగ్'. 'ఫెర్‌మేలుంగ్' కాస్త పాతకాలపు గౌరవపు మాట, లాంఛనపు కార్డుకు అదే నప్పుతుంది. జర్మనీలో చట్టం ఒప్పుకునేది 'ష్టాండెస్‌ఆమ్ట్' (రిజిస్ట్రార్ ఆఫీసు)లో జరిగిన పెళ్లినే. చర్చిలో తంతు వేరే రోజున ఉండవచ్చు, కాబట్టి ఏ తేదీ దేనిదో విడివిడిగా రాయి. రిసెప్షన్‌ను 'రెత్సెప్త్సియోన్' అన్నావో, అది హోటల్లో తాళాలిచ్చే కౌంటర్ అయి కూర్చుంటుంది. నీకు కావలసింది 'ఎంప్‌ఫాంగ్'.

ఎక్కువ తప్పులు దొర్లేది వ్యాకరణంలోనే. కూతురి కార్డును కొడుక్కి వాడుకుంటూ పేరొక్కటీ మార్చేస్తారు. 'త్సుర్ ఫెర్‌మేలుంగ్ ఉన్సెరర్ టోఖ్టర్' (మా అమ్మాయి పెళ్లికి) అన్నది కొడుకు దగ్గరికొచ్చేసరికి 'ఉన్సెరెస్ జోనెస్' (మా అబ్బాయి) కావాలి. 'వీర్ లాడెన్ జీ ఐన్'లో 'జీ' పెద్ద అక్షరంతో ఉంటే 'మిమ్మల్ని', చిన్న అక్షరంతో ఉంటే 'వాళ్లను'! ఒక్క అక్షరంతో అతిథి మూడో మనిషైపోతాడు. పైన 'జీ' అని, కింద చనువుగా 'ఓయ్‌ష్' (మిమ్మల్ని) అని కలపకు.

తేదీ ఇలా: ఆమ్ జామ్‌స్టాగ్, డేమ్ 13. యూని 2026, ఉమ్ 15 ఊర్ (2026 జూన్ 13, శనివారం, మధ్యాహ్నం 3 గంటలకు). 13 తర్వాతి చుక్క 'పదమూడవ' అని చెబుతుంది, అది పోకూడదు. వాక్యం ఇంకా సాగుతుంటే సంవత్సరం తర్వాత కూడా కామా పెట్టు. ఆస్ట్రియా కుటుంబానికైతే జనవరి 'యానువార్' కాదు, 'యెనర్'. స్విట్జర్లాండ్‌లో 'ఎస్‌త్సెట్' (ß) అక్షరం వాడరు, రెండు ఎస్‌లు రాస్తారు.

'సకుటుంబంగా' అన్నదాన్ని జర్మన్ వాక్యంలో ఇరికించకు. ఎవరెవరిని పిలిచారన్నది అక్కడ కవరు మీది పేర్లే చెబుతాయి, అవసరమైతే 'ఉంట్ ఫమీలియె' అక్కడే చేర్చు. జవాబు కోరడానికి నాలుగక్షరాల పొట్టి రూపం ఉంది కానీ, 'ఉమ్ ఆంట్వోర్ట్ బిస్ త్సుమ్ 1. మై విర్ట్ గెబేటెన్' (మే 1లోగా జవాబు కోరుతున్నాం) అని గడువుతో విప్పి రాయడమే నాకు నచ్చుతుంది.

ప్రెస్సుకు పంపేముందు ఎంచుకున్న ఫాంట్‌లో ఉమ్లౌట్ చుక్కలు (ä, ö, ü మీద ఉండేవి) ఉన్నాయేమో చూడు. అలంకారపు ఫాంట్లు కొన్నిట్లో ఉండవు, ఇంటిపేరే మారిపోతుంది.