మందు మానాలంటే ఫోన్ ఎంతవరకు తోడు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మద్యం మానడం గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. రాసినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా ఇంటాయన అలిపిరి దగ్గర టాక్సీ నడుపుతాడు. రోజుకు రెండు క్వార్టర్లు తాగుతాడు. పొద్దున లేస్తూనే చేతులు వణుకుతాయి, కొంచెం పడితేగానీ స్టీరింగు పట్టలేడు. వచ్చే సోమవారం కాణిపాకంలో ప్రమాణం చేసి ఆ రోజు నుంచే ఆపేస్తానంటున్నాడు. ఆసుపత్రికి పోదామంటే, అక్కడంతా తెలిసినోళ్లే, పరువు పోతుంది, ఫోన్లో డాక్టరుతో మాట్లాడి ఇంట్లోనే మానేస్తానంటాడు. అట్లా కుదురుతుందా?
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: అమ్మా, ప్రమాణానికి అడ్డు చెప్పకండి. మానాలని ఆయనకే అనిపించడం చాలా పెద్ద విషయం. వరుస మాత్రం మార్చండి. ముందు ఆసుపత్రి, తర్వాత కాణిపాకం.

ఎందుకో లెక్క చూడండి. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో అది సుమారు 60 గ్రాములు, రెండింటిలో 120. రోజూ ఇంత మత్తు తొక్కిపెడుతుంటే మెదడు దాన్ని తట్టుకోవడానికి తన వేగం పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగితే ఆ వేగం అలాగే ఉండి, బ్రేకు మాత్రం పోతుంది. పొద్దుటి వణుకు అదే. రాత్రి తాగింది దిగేసరికే ఒళ్లు మళ్లీ అడుగుతోంది.

ఆపిన 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమట, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా అసలు గండం. ఒళ్లు కాలిపోవడం, గోడల మీద పురుగులు పాకుతున్నాయనడం, సొంత పిల్లల్నే గుర్తుపట్టకపోవడం లాంటివి కనిపిస్తాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ప్రమాణం చేసిన మూడో రోజు మనిషి ఇట్లా అయితే, స్వామికి కోపం వచ్చిందనో గాలి సోకిందనో మంత్రం వేయించడానికి తీసుకెళ్లేవాళ్లున్నారు. ఆసుపత్రికి చేరాల్సిన గంటలు అక్కడే అయిపోతాయి. అయ్యప్ప మాల వేసుకున్న రోజే మందు ఆపేసేవాళ్లకూ ఇదే ముప్పు. 41 రోజుల దీక్షలో వాళ్లకు మొదటి నాలుగు రోజులే గట్టివి.

ఈ రోజులు ఫోన్ మీద గడిచేవి కావు. నాడి, బీపీ, వణుకు చూసి పూటపూటకూ మోతాదు మార్చాలి. క్లోర్‌డయాజెపాక్సైడ్, లోరాజెపామ్ వంటి మాత్రలు మొదట ఎక్కువగా ఇచ్చి, వారం పది రోజుల్లో తగ్గించుకుంటూ ఆపేస్తారు. ఇవి మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. ఎవరో వాడి మిగిల్చిన మాత్రలు తెచ్చి ఇవ్వడం ఎంతమాత్రం వద్దు.

ఇంకో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. నీరసంగా ఉన్నాడని వీధి చివర క్లినిక్‌లో గ్లూకోజు ఎక్కిస్తారు. ఏళ్ల తరబడి తాగినవాళ్లలో బి1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటి ఉంటుంది. మిగిలిన కాస్తా గ్లూకోజుకే ఖర్చయిపోతుంది. చూపు రెండుగా కనబడటం, నడక తూలడం, మతి తప్పడం వస్తాయి. జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. గ్లూకోజు కంటే ముందు థయామిన్ ఇంజెక్షన్ పడాలి. ఆయన రోజూ తాగే మనిషని అక్కడ దాచకుండా చెప్పండి.

తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి తీసుకెళ్లండి. చివరిసారి ఎన్ని గంటలకు తాగాడు, రోజుకు ఎంత, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా, షుగర్‌కో బీపీకో ఏ మాత్రలు వేసుకుంటాడు, ఇవన్నీ ఒక చీటీ మీద రాసుకెళ్లండి. తాగే లెక్క తగ్గించి చెప్పకండి, మాత్రల మోతాదు దాని మీదే ఆధారపడుతుంది. ఇదివరకు ఫిట్స్ వచ్చి ఉంటే చేర్చుకోమనే అడగండి. డాక్టరును కలిసేదాకా ఆయనంతట ఆయన ఒక్కసారిగా ఆపకూడదు. టాక్సీ తాళాలు మాత్రం ఈ రోజే మీ చేతికి తీసుకోండి.

పరువు మాటకొస్తే, ఆ ఓపీకి నిద్ర పట్టనివాళ్లు, తలనొప్పివాళ్లు, దిగులుతో ఉన్నవాళ్లు అందరూ వస్తారు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. అప్పటికీ ఒప్పుకోకపోతే వేలూరు సీఎంసీకి వెళ్లండి, మానసిక వైద్య విభాగం బాగాయంలో ఉంది.

ఫోన్ ఉపయోగపడేది దీనికి ముందూ, తర్వాతా. 14416 ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. మత్తు అలవాట్ల కోసమే ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14446. ఈ రెంటికీ ఆయనే చేయాలని లేదు, మీరూ చేయవచ్చు. ఆసుపత్రిలో చేరనంటున్నాడు, ఎట్లా ఒప్పించాలి అని అడగండి. సలహాకు అదీ ఒక కారణమే. ఫిట్స్ వచ్చినా, మతి తప్పి మాట్లాడినా ఈ నంబర్లు కాదు, 108.

ప్రశ్న: వైద్యమై మూడు వారాలైంది, ముట్టలేదు. సాయంత్రం ఏడైతే మనసు లాగుతుంది. ఆన్‌లైన్‌లో ఏఏ మీటింగులు ఉంటాయట. నేను బడి పంతులుని. ముఖం కనబడాలా? పేరు చెప్పాలా? ఇంగ్లిష్ రావాలా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మూడు ప్రశ్నలకూ జవాబు ఒకటే మాస్టారూ: అక్కర్లేదు.

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలో మొదలైంది. ఫీజు లేదు, ఫారం నింపేది లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. డబ్బు కడితేనే లింకు పంపుతామన్నారంటే వాళ్లు ఏఏ కాదు. ఏఏ ఇండియా వెబ్‌సైట్ ద్వారా అడిగి, తెలుగులో జరిగే మీటింగు రోజూ సమయమూ తెలుసుకోండి. చిత్తూరువాళ్లకు తమిళం చెవిన పడుతూనే ఉంటుంది కాబట్టి చెన్నై తమిళ గ్రూపులూ పనికొస్తాయి. విదేశీ జాబితాల్లో టైము వాళ్లది, అది సరిచూసుకోండి. లండన్‌లో సాయంత్రం 7 అంటే వేసవిలో మనకు రాత్రి 11.30. నిద్ర పట్టని రాత్రులకు అదీ మంచిదే.

ఎక్కువ మీటింగులు జూమ్‌లో జరుగుతాయి. యాప్‌లో మీ ఖాతాతో సైన్ ఇన్ కాకుండానే మీటింగ్ నంబరు కొట్టి చేరే వీలు సాధారణంగా ఉంటుంది. సైన్ ఇన్ అయితే మీ పూర్తి పేరూ ఫొటోతో సహా తెర మీద పడతాయి. చాలామంది దొరికిపోయేది ఇక్కడే. చేరేముందు అడిగే పేరు గడిలో ఏదో ఒక చిన్న పేరు రాయండి, వీడియో ఆపే మీట నొక్కండి, ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. చేరిన క్షణమే మీ ఫోన్ నంబరు అందరికీ కనబడుతుంది. అంతకు ముందే ప్రొఫైల్ ఫొటో మీ కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్లకే కనబడేలా మార్చుకోండి.

లోపల ఒక్కొక్కరే మాట్లాడతారు. మధ్యలో ఎవరూ అడ్డుపడరు, సలహాలు ఇవ్వరు. మీ వంతు వస్తే "ఈ రోజు వింటాను" అంటే చాలు. ఒక్కసారి విని నచ్చలేదని వదిలేయకండి, గ్రూపుకూ గ్రూపుకూ తేడా చాలా ఉంటుంది. నాలుగైదు చూశాక ఒకటి పట్టుకోండి. మీటింగయ్యాక ఆగి, చాలాకాలంగా తాగకుండా ఉన్న మగవాళ్ల నంబర్లు ఒకటి రెండు అడిగి తీసుకోండి. అసలు ఆసరా అదే. తాగాలన్న లాగుడు సాధారణంగా అరగంటలోపు తగ్గుముఖం పడుతుంది. ఆ అరగంట ఎవరితోనైనా మాట్లాడుతూ గడపాలి. మీకు ఏడింటికి మొదలవుతుంది కాబట్టి ఆరున్నరకే కడుపు నిండా తినండి, ఏడు గంటల మీటింగు ఎంచుకోండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ఉన్నా లాగుడు రెట్టింపవుతుంది.

ఎప్పుడైనా జారితే ఆ రాత్రే ఎవరికైనా చెప్పండి. పాత కొలత మాత్రం తాగకండి. మూడు వారాల్లో ఒంటికి తట్టుకునే అలవాటు తగ్గి ఉంటుంది, అదే కొలత ఇప్పుడు ఎక్కువైపోతుంది. వరసగా రోజులు తాగితే మళ్లీ ఇంట్లో ఆపే ప్రయత్నం వద్దు, ఆసుపత్రిలోనే ఆపాలి.

ప్రశ్న: మా అబ్బాయికి తెలియకుండా సాంబార్లో కలిపితే తాగుడు మానేస్తాడని ఫోన్లో పొడి ప్రకటన వచ్చింది. తెప్పించమంటారా?
– ఒక తల్లి, పలమనేరు

జవాబు: వద్దమ్మా. కన్నకడుపు బాధ అర్థమవుతోంది, కానీ ఇది బిడ్డ ప్రాణంతో పందెం. ఆ పొట్లంలో ఏముందో మీకు తెలియదు. డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే, దాని మీద తాగిన కొద్ది నిమిషాల్లోనే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లు చనిపోవచ్చు. ఆపేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. డాక్టర్లూ దీన్ని వాడతారు, కానీ లివర్ పరీక్షలు చేసి, రోగికి అన్నీ చెప్పి, ఒప్పించి ఇస్తారు. తెలిసి వేసుకుంటే ఆ భయమే కాపాడుతుంది. తెలియకపోతే రక్షణే లేదు. పైగా ఏదో ఒక రోజు బయటపడుతుంది, ఆ తర్వాత మీ చేతి అన్నం ముట్టడు.

లాగుడు తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనే మాత్రలున్నాయి. మొదటిది రోజుకు ఒకటి, 50 మిల్లీగ్రాములు. రెండోది 333 మిల్లీగ్రాములవి రెండేసి, మూడు పూటలా. లివరూ కిడ్నీలూ చూసి ఏది తగునో డాక్టరు చెప్పాలి.

అబ్బాయి ఇంకా రానంటున్నా మీ ఒక్కరికీ సాయం ఉంది. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసమే 1951లో అల్-అనాన్ మొదలైంది, దానికి ఆన్‌లైన్ మీటింగులున్నాయి. అప్పులు తీర్చడం ఎప్పుడు ఆపాలి, తాగి ఉన్నప్పుడు ఎందుకు వాదించకూడదు లాంటివి అక్కడ మీలాంటి తల్లుల నోటే వినవచ్చు. ఇంట్లో ఆడవాళ్ల మీద చెయ్యి చేసుకుంటుంటే 181కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఒక సెంటర్ చూశాం. డబ్బు కడితే వ్యాన్ పంపి మా అన్నను ఎత్తుకెళ్లి ఆరు నెలలు ఉంచుకుంటారట. పంపవచ్చా?
– శ్రీకాళహస్తి

జవాబు: పంపకండి. తాగుతాడన్న ఒక్క కారణంతో మనిషిని ఇష్టం లేకుండా నెలల తరబడి బంధించే అధికారం ఎవరికీ లేదు. సొంతంగా నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్నవాళ్లను చేర్చాలన్నా 2017 చట్టం ప్రకారం ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, మొదటి గడువు 30 రోజులే. గొలుసులతో కట్టేయడం నిషేధం. ఫోన్లో మూడు సంగతులు అడగండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫొటో పంపుతారా? మొదటి వారం రాత్రిపూట డాక్టరు ఉంటాడా? ఇంటివాళ్లు ఎప్పుడు వచ్చినా చూడనిస్తారా? వీటిలో ఏ ఒక్కటి తప్పించుకున్నా ఫోన్ పెట్టేసి, 14446లో దగ్గరలోని ప్రభుత్వ సాయం పొందే పునరావాస కేంద్రం అడ్రసు అడగండి.