దిమిత్రోవ్‌కి జూనియర్ వింబుల్డన్ నుంచి తొలి టైటిల్ దాకా ఐదేళ్ళు ఎందుకు పట్టింది?

అడిగిన ప్రశ్న: 2008లో జూనియర్ వింబుల్డన్, జూనియర్ యూఎస్ ఓపెన్ రెండూ గెలిచిన గ్రిగోర్ దిమిత్రోవ్ తొలి ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్) టైటిల్ గెలవడానికి 2013 దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది? ఒంటిచేతి బ్యాక్‌హ్యాండే కారణమా? మా అబ్బాయికి పదిహేనేళ్ళు, వాడిదీ ఒంటిచెయ్యే. రెండు చేతులకి మార్చమని కోచ్ గారు అంటున్నారు.

జవాబు:

వినడానికి ఆలస్యంలానే ఉంటుంది. లెక్క విడదీసి చూస్తే ఆ ఐదేళ్ళలో సగం ర్యాంకు నిచ్చెన ఎక్కడానికే పోయింది. మిగతా సగం ఒంటి దమ్ము కుదరడానికీ, చేతిలో ఉన్న నాలుగు రకాల షాట్లలో ఏది ఎప్పుడు కొట్టాలో తేలడానికీ పట్టింది. బ్యాక్‌హ్యాండ్‌కి ఇందులో వాటా ఉంది కానీ, మీ కోచ్ గారు అనుకుంటున్నంత లేదు.

దిమిత్రోవ్ 1991 మే 16న బల్గేరియాలోని హాస్కోవోలో పుట్టాడు. తండ్రి టెన్నిస్ కోచ్, తల్లి ఒకప్పటి వాలీబాల్ క్రీడాకారిణి. 2006లో ఆరెంజ్ బౌల్ అనే జూనియర్ టోర్నీలో 16 ఏళ్ళ లోపు విభాగం గెలిచాడు. 2008 జూలైలో వింబుల్డన్ జూనియర్ ఫైనల్లో ఫిన్లండ్ కుర్రాడు హెన్రీ కొంటినెన్ మీద 7-5, 6-3తో, సెప్టెంబరులో న్యూయార్క్‌లో డెవిన్ బ్రిటన్ మీద 6-4, 6-3తో నెగ్గి జూనియర్లలో నంబర్ వన్ అయ్యాడు. అప్పటికి ఇంకా పదిహేడేళ్ళే. అక్కడితో జూనియర్ ఆట ఆపేసి ప్రొఫెషనల్‌గా మారాడు.

చాలామంది తల్లిదండ్రులు పొరబడేది సరిగ్గా ఇక్కడే. జూనియర్ పాయింట్లు ఏటీపీ ఖాతాలోకి బదిలీ కావు. అక్కడ పుస్తకం మళ్ళీ మొదటి పేజీ నుంచి. ఆ రోజుల్లో అడుగు మెట్టు ఫ్యూచర్స్ అనే చిన్న టోర్నీలు. పదివేల డాలర్ల ఫ్యూచర్స్ టోర్నీ గెలిస్తే 20 పాయింట్లు కూడా వచ్చేవి కావు, చేతికొచ్చేది 1,300 డాలర్లకి అటూఇటూ. దాని పైమెట్టు చాలెంజర్, గెలిస్తే స్థాయిని బట్టి 80 నుంచి 125 దాకా వచ్చేవి. గ్రాండ్‌స్లామ్‌లో 128 మంది ఆడితే ర్యాంకుతో నేరుగా వెళ్ళేది 104 మంది, క్వాలిఫయింగ్ అనే అర్హత పోటీల నుంచి 16 మంది, ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే వైల్డ్ కార్డ్‌తో 8 మంది. అంటే తొలి వంద దరిదాపుల్లోకి రావాలి, దానికి అప్పట్లో 52 వారాల్లో 550 నుంచి 600 పాయింట్లు కావాల్సి వచ్చేవి. ఏడాది దాటిన పాయింట్లు రాలిపోతుంటాయి కాబట్టి ఇది నిండే కుండ కాదు, అడుగున చిల్లు ఉన్న కుండ.

దిమిత్రోవ్ విషయంలో ఈ లెక్క ఎలా నడిచిందో చూడండి. 2009 ఫిబ్రవరిలో రాటర్‌డామ్‌లో వైల్డ్ కార్డ్ దొరికింది. తొలి రౌండ్లో బెర్డిచ్‌ని ఓడించాడు. రెండో రౌండ్లో అప్పటి నంబర్ వన్ నాదల్ దగ్గర ఒక సెట్ లాక్కుని 7-5, 3-6, 6-2తో ఓడాడు. పత్రికలన్నీ ఆ సెట్ గురించే రాశాయి. పట్టికలో మాత్రం ఆ సెట్ విలువ సున్నా. బెర్డిచ్ మీద గెలుపు విలువ 45 పాయింట్లు. అదే ఏడాది వింబుల్డన్ వైల్డ్ కార్డ్ ఇచ్చింది, తొలి రౌండ్లో ఇగోర్ కునిట్సిన్ మీద ఆడుతూ గాయంతో మధ్యలోనే వైదొలిగాడు.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బల్గేరియాలో 2016లో సోఫియా ఓపెన్ వచ్చేదాకా ఇతను సొంతగడ్డ అనుకుని వైల్డ్ కార్డ్ తీసుకోడానికి ఏటీపీ టోర్నీ లేదు. ఫ్రెంచి, బ్రిటిష్, అమెరికన్, ఆస్ట్రేలియన్ కుర్రాళ్ళకి ఇంట్లోనే గ్రాండ్‌స్లామ్ ఉంటుంది, ఏటా ఆ ఎనిమిది కార్డుల్లో ఎక్కువ భాగం వాళ్ళకే పోతాయి. మాన్వెలా, కాటెరీనా, మాగ్డలీనా అనే మలీవా అక్కాచెల్లెళ్ళు ముగ్గురూ తొలి పదిలోకి వెళ్ళిన దేశమే అది. మగవాళ్ళ వైపు మాత్రం అలాంటి దారి పడి లేదు. అందుకే దిమిత్రోవ్ ముందు బార్సిలోనాలోని సాంచెజ్-కసాల్ అకాడమీకి, తర్వాత పారిస్ దగ్గర మురతొగ్లు అకాడమీకి ఇల్లు వదిలి వెళ్ళాడు.

నిచ్చెన ఎక్కడం మొదలైంది 2010లో. బ్యాంకాక్‌లో వరసగా రెండు చాలెంజర్లు, తర్వాత జెనీవాలో ఇంకొకటి గెలిచాడు. 2011 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌కి క్వాలిఫయింగ్ ఆడి, మూడు మ్యాచ్‌లు నెగ్గి మెయిన్ డ్రాకి వచ్చాడు. అక్కడ గోలుబెవ్‌ని ఓడించి, రెండో రౌండ్లో వావ్రింకా చేతిలో ఓడాడు. క్వాలిఫయింగ్ దాటినందుకు 25, రెండో రౌండ్‌కి 45, మొత్తం 70. చిన్న చాలెంజర్ టైటిల్‌కి కాస్త తక్కువ, అంతే. ఆ నెల తిరిగేసరికి తొలి వందలో ఉన్నాడు. వైల్డ్ కార్డ్ కోసం ఎదురుచూడకుండా క్వాలిఫయింగ్ ఆడటం వల్ల వచ్చే లాభం ఇదే. ఆ మూడు మ్యాచ్‌లతో కోర్టు వేగం అలవాటవుతుంది, పాయింట్లూ వస్తాయి. మన యూకీ భాంబ్రీ సంగతే చూడండి. 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ టైటిల్ గెలిచాడు, సింగిల్స్‌లో తొలి వందలోకి వచ్చింది 2015లో. దాని పక్కన పెడితే దిమిత్రోవ్‌కి పట్టిన రెండున్నరేళ్ళు వేగమే.

ఇక 2011 నుంచి 2013 దాకా జరిగింది వేరే కథ. లండ్‌గ్రెన్, మెక్‌నమారా, మురతొగ్లు, టిల్‌స్ట్రోమ్, రషీద్... ప్రొఫెషనల్ అయిన కొత్తలోంచే కోచ్‌లు ఇలా మారుతూ వచ్చారు. లండ్‌గ్రెన్ ఒకప్పుడు ఫెదరర్‌కి కోచ్ కావడంతో ‘బేబీ ఫెదరర్’ అనే ముద్ర ఇంకా గట్టిపడింది. ఆ పేరే అతన్ని దెబ్బతీసిందని చాలామంది రాస్తారు, నాకు అది అంత సబబుగా తోచదు. అసలు కొరత మూడో గంటలో కనిపించేది. 2013 ఏప్రిల్లో మోంటే కార్లో క్వార్టర్ ఫైనల్లో నాదల్ చేతిలో 2-6, 6-2, 4-6తో ఓడాడు. మే నెలలో మాడ్రిడ్‌లో నంబర్ వన్ జొకోవిచ్‌ని 7-6, 6-7, 6-3తో ఓడించాడు కానీ మధ్యలో కాలి కండరాలు పట్టేశాయి. వింబుల్డన్ రెండో రౌండ్లో స్లొవేనియా ఆటగాడు జెమ్‌ల్యాతో అయిదో సెట్ 9-11తో పోయింది. ఆట ఉంది, అయిదో సెట్‌కి సరిపడా కాళ్ళు లేవు. 2013 అక్టోబరులో స్టాక్‌హోమ్ ఫైనల్లో ఫెరర్ మీద తొలి సెట్ 2-6తో పోయినా 6-3, 6-4తో గెలిచి, ఏటీపీ సింగిల్స్ టైటిల్ నెగ్గిన మొదటి బల్గేరియన్ అయ్యాడు. అటువైపు ఉన్నది పరుగెత్తించి అలసగొట్టే ఫెరర్ అని గుర్తుంచుకోండి. ఒంటి సామర్థ్యం మీద ఎక్కువ పని చేయించే రోజర్ రషీద్ తోడయ్యాక 2014లో వింబుల్డన్ సెమీస్, ఆగస్టులో ఎనిమిదో ర్యాంకు.

ఇప్పుడు మీ అబ్బాయి బ్యాక్‌హ్యాండ్ సంగతి. ఒంటిచేతి షాట్ రెండు చోట్ల నష్టపోతుంది. ముందుకి తిరుగుతూ వచ్చి భుజం ఎత్తుకి లేచే టాప్‌స్పిన్ బంతి ఒకటి, వేగమైన సర్వ్‌ని తిరిగి కొట్టడం (రిటర్న్) రెండోది. ఎర్రమట్టి మీద ఎడమచేతి నాదల్ ఫోర్‌హ్యాండ్ సరిగ్గా ఆ మొదటి చోటునే తవ్వేది. దిమిత్రోవ్ దానికి వాడిన మందు స్లైస్, అంటే బంతిని కోసినట్టు కొట్టి వెనక్కి తిప్పే షాట్. పచ్చిక మీద అది మోకాలి కిందే ఉండిపోతుంది, అవతలివాడు బంతిని కింద నుంచి లేపి కొట్టాల్సి వస్తుంది. మార్చాలా వద్దా అనేది మూడు విషయాలు చూసి తేల్చండి.

మొదటిది బంతి తగిలే చోటు. ముందరి పాదానికి కనీసం ఒక అడుగు ముందు తగలాలి. పక్క నుంచి ఫోన్లో వీడియో తీసి ఇరవై బంతులు లెక్కపెట్టండి. పదిహేనుకి పైగా ముందే తగిలితే షాట్ బాగానే ఉన్నట్టు. తుంటి పక్కన తగులుతుంటే తప్పు చెయ్యిది కాదు, భుజం ఆలస్యంగా తిరుగుతోంది. ఎడమ చెయ్యి రాకెట్ మెడను వదలకుండా పట్టుకుని భుజాన్ని తిప్పాలి, స్వింగ్ ముందుకి మొదలయ్యేటప్పుడే వదిలి వెనక్కి చాచాలి. ఎడమ చెయ్యి కూడా ముందుకొచ్చేస్తే ఛాతీ ముందే తెరుచుకుంటుంది, బంతి పక్క గీత దాటిపోతుంది.

రెండోది మోచెయ్యి. మోచెయ్యి ముందు నడిచి మణికట్టు వెనక ఈడ్చుకొస్తుంటే కొన్నాళ్ళకి నొప్పి మొదలయ్యే ప్రమాదం ఉంది. రాకెట్ తీగ కూడా చూడండి. పూర్తి పాలియెస్టర్ తీగని 55 పౌండ్ల మీద బిగించి పిల్లలకి ఇస్తుంటారు. అది తగ్గించి 48 నుంచి 50 మధ్య పెట్టండి, లేదా అడ్డతీగలకి మెత్తటి మల్టీఫిలమెంట్ వేయించండి. పాలియెస్టర్ తెగకపోయినా పదిహేను ఇరవై గంటల ఆట తర్వాత చచ్చిపోతుంది, తీసేయాలి.

మూడోది రిటర్న్. పదిహేనేళ్ళకి ఓటములు ఎక్కువ వచ్చేది దీనివల్లే, కోచ్‌లు మార్చమనేదీ ఇది చూసే. మొదటి సర్వ్‌కి రిటర్న్ మొత్తం స్లైస్‌గా, అడ్డంగా, లోతుగా కొట్టడం నేర్పండి. రెండో సర్వ్‌కి కోర్టు వెనక గీత (బేస్‌లైన్) మీదకి రెండడుగులు వచ్చి బంతి లేస్తుండగానే కొట్టాలి. ఎత్తుకి లేచాక కొట్టాలని చూస్తే మళ్ళీ భుజం దగ్గరే ఇరుక్కుంటాడు. రోజుకి మొదటి సర్వ్ 40, రెండో సర్వ్ 30, సర్వ్ చేసేవాడిని బేస్‌లైన్ కంటే ఒక మీటరు లోపల నిలబెట్టి వేయించండి, సమయం తగ్గుతుంది. ఎనిమిది వారాల తర్వాత కూడా మొదటి సర్వ్‌లకి కొట్టిన రిటర్న్‌ల్లో సగం కోర్టులో పడకపోతే అప్పుడు కోచ్ గారి మాట వినండి. ఆ మార్పు కూడా టోర్నీలు లేని నెలల్లోనే పెట్టుకోవాలి, సీజన్ మధ్యలో మారిస్తే పాతదీ పోతుంది, కొత్తదీ రాదు.