సమాధానం: చండీగఢ్ కుర్చీ పేము కుంగితే

నరసాపురంలో మీ చండీగఢ్ తరహా టేకు కుర్చీకి పేము సీటు కుంగి, కాలు ఊగుతోందన్నారు. దయచేసి మేకులు కొట్టించకండి. టేకు చీలుతుంది, మన ఉప్పుగాలికి మేకు తుప్పు పడుతుంది. స్విస్ వాస్తుశిల్పి పియర్ జన్నరే 1951లో చండీగఢ్ వచ్చాక గీసిన ఈ నమూనాలో తిరగేసిన ‘వి’ లాంటి కాళ్లే సీటునీ చెయ్యి ఆనించే పట్టీనీ మోస్తాయి. అందుకే ముందు ఆ కాళ్లు సీటుతో కలిసే అతుకు చూడండి. విప్పి, పాత జిగురంతా గీకేసి, కొత్తది రాసి, క్లాంపు బిగించి 24 గంటలు కదపకండి. పాతదాని మీదే రాస్తే చెక్క పీల్చుకోదు, పట్టదు.

పేము పోగులు తెగలేదంటే కొత్త అల్లిక అక్కర్లేదు. కుర్చీ బోర్లించి, గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డను అడుగువైపు అరగంట పరవండి. పైనున్న నున్నటి తొక్క నీళ్లు పీల్చదు, అందుకే అడుగువైపు. నీడలో ఆరేకొద్దీ పేము బిగుస్తుంది. ఆరకుండా కూర్చుంటే మళ్లీ గుంటే. ముసురు రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి.