లోగో వేసిచ్చాడు, డబ్బులే రాలేదు

ప్రశ్న: మా అబ్బాయి బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చేసి ఇంటి దగ్గరే లోగోలు, ప్యాకింగ్ డిజైన్లు చేస్తున్నాడు. పనికి కొదవ లేదు, డబ్బులే రావు. మొన్న బంధువుల స్వీట్ షాపుకి లోగో వేస్తే 9 సార్లు మార్పించుకుని వెయ్యి రూపాయలు చేతిలో పెట్టారు. ఇది మాన్పించి బ్యాంక్ కోచింగ్‌కి పంపమంటారా? – ఓ తల్లి, తెనాలి

జవాబు: మాన్పించకండమ్మా. పని కోసం వెతుక్కుంటూ వస్తున్నారంటే చెయ్యి తిరిగినట్టే. వాడికి రానిదల్లా డబ్బు మాట మాట్లాడటం, అది నేర్చుకోవచ్చు.

మన ఊళ్ళలో చాలా ఫ్లెక్సీ షాపులు ప్రింటింగ్‌కి చదరపు అడుగు లెక్కన తీసుకుని డిజైన్ ఊరికే చేసిస్తాయి, దాంతో డిజైన్ అంటే ఉచితమని జనం మనసులో నాటుకుపోయింది. అందుకని కస్టమర్లని తిట్టుకుంటే లాభం లేదు, ముందు రేటెంతో మీవాడికే తెలియాలి. పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద రాయించండి. నెల ఖర్చులకి 25,000, సాఫ్ట్‌వేర్ చందా, నెట్, కరెంటు, సిస్టమ్ అరుగుదల కలిపి ఇంకో 7,000 అనుకుందాం. ఫోన్లు, బేరాలు, తిరుగుళ్ళు పోగా డబ్బొచ్చే పనికి నెలలో 80 గంటలు మిగిలితే గొప్ప. అంటే గంటకి 400. ఆ లోగోకి 12 గంటలు పట్టి ఉంటే 4,800 అవ్వాలి! అంకె కళ్ళముందు ఉంటేనే అడగడానికి నోరు పెగులుతుంది.

పెళ్ళికి సన్నాయి మేళం మాట్లాడుకున్నప్పుడు తాంబూలంలో అడ్వాన్స్ పెట్టి ఇస్తాం కదా, ఎవరైనా తప్పు పడతారా? వీడూ అంతే. సగం ముందు, రెండు మార్పుల వరకు ఇదే రేటు, మూడోదానికి ఇంత అని మొదటిరోజే వాట్సాప్‌లో పంపి 'సరే' అనిపించుకోవాలి. చూపించడానికి బొమ్మకి అడ్డంగా తన పేరు వేసిన చిన్న జేపీజీ చాలు, ఒరిజినల్ ఫైల్ బాకీ తీరాకే. బంధువులకి తగ్గించాలనిపిస్తే తగ్గించమనండి, కానీ బిల్లులో 4,800 వేసి తగ్గించింది కింద చూపించాలి, లేకపోతే వెయ్యే అసలు రేటని వాళ్ళే నలుగురికీ చెప్తారు. ఎంతమంది పిల్లలు ఇక్కడే దెబ్బతిన్నారో చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

కంపెనీలకి చేసేటట్టయితే పని ఒప్పుకోకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వ నమోదు) చేయించండి, ఆన్‌లైన్లో ఉచితమే. చిన్న వ్యాపారాల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటి డబ్బు ఆపకూడదు, ఆపితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ కట్టాలి. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయమనండి.

రేటు చెప్పగానే కొందరు వెళ్ళిపోతారు, టెన్షన్ పడకండి. ఆరు నెలలు ఇలా చేశాక కూడా నెలకి 15,000 దాటకపోతే మళ్ళీ రాయండి, ప్యాకింగ్ డిజైనర్‌గా జీతం ఉద్యోగం సంగతి చూద్దాం. బ్యాంక్ కోచింగ్ మాత్రం వాడంతట వాడు అడిగితేనే.