కోఫోస్ అంటే చెవిటివాడా, మూగవాడా?

మీరు అడిగింది ఇదీ: మత్తయి సువార్త 9:32లో "మూగవాడు" అనీ, 11:5లో "చెవిటివారు" అనీ తెలుగు బైబిల్లో ఉంది. గ్రీకు మూలంలో మాత్రం రెండు చోట్లా కోఫోస్ అనే ఒక్క మాటే కనిపిస్తోంది. అనువాదకులు పొరబడ్డారా?

పొరబడలేదు. 9వ అధ్యాయంలో దయ్యం వదలగానే ఆ మనిషి మాట్లాడాడు. 11వ అధ్యాయంలో కోఫోస్‌లు వింటున్నారు. పక్కనున్న క్రియని బట్టి మాట ఎంచుకున్నారు, అది సరైన పనే. అయితే ఒక్క మాటలో ఆ రెండూ ఎలా ఇమిడాయో తెలియాలంటే సువార్తల కన్నా చాలా వెనక్కి, ప్రాచీన గ్రీకు కవి హోమర్ దాకా వెళ్ళాలి. నేను సెమినరీలో గ్రీకు నేర్చుకున్నాను. మా అక్కకి పుట్టుకతోనే వినపడదు. అందుకే ఈ మాట ఎక్కడ కనిపించినా ఆగి చూడకుండా ఉండలేను.

ట్రాయ్ యుద్ధం గురించిన హోమర్ కావ్యం ఇలియడ్‌లో ఈ మాట చెవి గురించి వాడలేదు. 11వ సర్గలో ట్రాయ్ రాకుమారుడు పారిస్ బాణం గ్రీకు వీరుడు డయొమీడీజ్ పాదంలో దిగుతుంది. అతను లెక్కచెయ్యకుండా, చేతకానివాడి బాణం "కోఫోస్" అంటాడు, అంటే మొద్దుదని. 14వ సర్గలో గాలి ఇంకా తిరగకముందు సముద్రం కోఫోస్ అలతో ఉబుకుతుంది, అంటే చప్పుడు లేని అలతో. 24వ సర్గలో తను చంపిన ట్రాయ్ వీరుడు హెక్టర్ శవాన్ని గ్రీకు వీరుడు అకిలీజ్ ఈడుస్తూ ఉంటే, వాడు అవమానిస్తున్నది కోఫోస్ మట్టిని అంటాడు అపోలో దేవుడు. ఏం చేసినా తెలియని మట్టి అని. మన "మొద్దు" బాణానికీ మట్టికీ చక్కగా సరిపోతుంది. మొద్దు కత్తి అంటాం, వేళ్ళు మొద్దుబారాయి అంటాం. అలకి మాత్రం "మూగ" బాగుంటుంది, వీణ మూగబోయింది అంటాం కాబట్టి.

రేవులకి కూడా ఈ పేరు పెట్టారు. ఏథెన్స్ ఓడరేవు పిరేయస్‌లో కోఫోస్ రేవు అని ఒకటి ఉన్నట్టు గ్రీకు చరిత్రకారుడు జెనొఫోన్ రాశాడు. "టొరోనె రేవు కన్నా చెవిటివాడు" అని గ్రీకులో సామెతే ఉంది. టొరోనె ఒక గ్రీకు ఊరు, ఆ రేవు నోరు ఇరుకు కావడంతో బయటి సముద్రం హోరు లోపలికి వినపడేది కాదట.

అంటే ఈ మాటకి మూలంలో ఉన్నది చెవీ కాదు, నాలుకా కాదు. పదును లేకపోవడం, తాకినా తిరుగు జవాబు రాకపోవడం. ఇది నాకు నిఘంటువు కన్నా మా వీధిలోనే బాగా అర్థమైంది. వెనకనుంచి పిలిస్తే అక్క తిరగకపోతే "చెవిటిది" అనేవాళ్ళు. ఎదురుగా ఏదైనా అడిగినప్పుడు బదులు రాకపోతే అదే మనుషులు "పాపం, మూగపిల్ల" అనేవాళ్ళు. మనిషి ఒక్కతే. చూసేవాళ్ళకి తమ పిలుపు ఎక్కడ ఆగిపోయిందో దాన్ని బట్టి పేరు మారేది. గ్రీకువాళ్ళు ఆ రెండింటికీ ఒకే పేరు పెట్టుకున్నారు.

గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కూడా అంతే. లిడియా రాజు క్రీసస్ కొడుకుల్లో ఒకడు కోఫోస్ అని మొదలుపెడతాడు. కొంచెం ముందుకెళ్ళాక క్రీసస్ నోట అదే పిల్లవాడు "వినికిడి చెడినవాడు". క్రీసస్ రాజధాని సార్డిస్ కోట శత్రువుల చేతిలో పడిపోయిన రోజున, తండ్రిని చంపబోతున్న సైనికుణ్ణి చూసి ఆ కొడుకు మొదటిసారి నోరు తెరిచి అరుస్తాడు. అక్కడ రచయిత వాడిన మాట "గొంతు లేనివాడు". ఈ కథ తెలుగు చేస్తే మొదటి చోట నేను "చెవిటి మూగ" అనే రాస్తాను, చివరి ఘట్టం అర్థం కావాలంటే రెండూ అవసరం.

ఇక సువార్తలకి తిరిగి వస్తే, లూకా 1:22లో బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా కోఫోస్‌గా ఉండిపోయాడు, తెలుగులో "మూగవాడై". కానీ 1:62లో బిడ్డకి ఏం పేరు పెడతావని చుట్టాలు అతన్ని సైగలతో అడుగుతారు. వినపడితే సైగలెందుకు, కాబట్టి చెవుడు కూడా వచ్చిందని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. ఆ వాదన నాకు అంత గట్టిగా అనిపించదు. నేను అక్కతో చేతులతో మాట్లాడుతుంటే కొట్టువాళ్ళు నాకు కూడా సైగలే చేస్తారు. ఎదుటివాడు చేతులు కదిపితే మన చేతులూ వాటంతట అవే లేస్తాయి. జెకర్యాకి చెవుడు ఉండొచ్చు. ఆ ఒక్క వాక్యంతో మాత్రం తేలదు.

అందరికన్నా జాగ్రత్తగా చదవాల్సింది గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్‌ని. జంతువుల గురించిన గ్రంథం నాలుగో భాగంలో, పుట్టుకతో కోఫోస్ అయినవాళ్ళంతా "ఎనెఓస్" కూడా అవుతారని రాశాడు. వాళ్ళకి గొంతు పలుకుతుంది, మాటలు మాత్రం ఉండవు అన్నాడు. ఎనెఓస్ అంటే మాటరానివాడు. ఆ మాటని తెలివితక్కువవాడు అనే అర్థంలోనూ గ్రీకులో వాడారు. ఇక్కడ ఆ రెండో అర్థం పెట్టి చదివితే, చెవిటివాళ్ళకి బుద్ధి ఉండదని అరిస్టాటిల్ తీర్పు చెప్పినట్టు అవుతుంది. ఆ వాక్యంలో అది లేదు. గొంతు సంగతి మాత్రం అతను సరిగ్గానే గమనించాడు. మా అక్క నవ్వితే ఇల్లంతా వినపడుతుంది. కానీ మాటలు ఉండవు అన్నప్పుడు అతని లెక్కలోకి వచ్చింది నోటి మాట ఒక్కటే. అతని గురువు ప్లేటో, క్రాటిలస్ అనే సంభాషణ గ్రంథంలో, మనకి గొంతూ నాలుకా లేకపోతే ఇప్పుడు ఎనెఓస్‌లు చేస్తున్నట్టే చేతులతో, తలతో, ఒంటితో చెప్పుకోమా అని సోక్రటీజ్ చేత అడిగించాడు. నాకు ఈ వాక్యం చాలా విలువైనది. అప్పటి ఏథెన్స్‌లో సైగలతో మాట్లాడుకునేవాళ్ళు అందరి కళ్ళ ముందే ఉన్నారని దీన్నిబట్టి తెలుస్తోంది.

అందుకే నా సలహా: హోమర్‌లో "మొద్దు" ఎంత బాగున్నా మనుషుల దగ్గర ఆ మాట తేవద్దు. బళ్ళో మా అక్కని ఆ మాటతోనే వెనక బెంచీకి పంపారు. మార్కు 7:32లో కోఫోస్ పక్కనే మాట తడబడేవాడు అనే మాట విడిగా ఉంది, కాబట్టి అక్కడ చెవుడు ఒక్కటే. పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదంలో లేవీయకాండము 19:14లోనూ అంతే, తిట్టు వినపడనివాణ్ణి తిట్టొద్దంటోంది. హబక్కూకు 2:18లో విగ్రహాలు కోఫోస్, అవి మూగవి.

నేటి గ్రీకులో కోఫోస్ అంటే వినపడనివారు, అంతే. మూగతనం కూడా కలిపి చెప్పే కోఫాలాలోస్ అనే పాత మాటని అక్కడి బధిరులు ఒప్పుకోరు. మన దగ్గర 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా వినికిడి లోపాన్నీ మాట లోపాన్నీ వేరువేరుగా లెక్కించింది. మీరు పాఠానికి వివరణ రాస్తున్నట్టయితే, ప్రాచీన వాక్యం దగ్గర "చెవిటి", "మూగ" ఉంచి, మీ సొంత వాక్యాల్లో "బధిరులు" అని రాయండి.