మండువా మీద స్లాబు పోయొచ్చా?

ప్రశ్న: కోనసీమలో మా తాతగారు కట్టించిన మండువా ఇల్లుంది, నడిమధ్య పైకప్పు లేకుండా ఆకాశానికి తెరిచి వదిలిన రకం. వాన పడితే మండువా మూలల్లో కారుతోంది, గోడలు అడుగున పెచ్చులూడుతున్నాయి. పడగొట్టేద్దామని పెద్దన్నయ్య, మండువా మీద స్లాబు పోసి మూసేద్దామని చిన్నన్నయ్య. అమ్మ రెండిటికీ ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, అమలాపురం దగ్గర

జవాబు: నేను అమ్మ వైపేనండి. కారుతున్నది ఇల్లంతా కాదు, ఆ మూలలే. నాలుగు వైపులా కప్పు లోపలికే వాలుతుంది కాబట్టి, రెండు వాలులు కలిసే చోట వేసిన రేకు తుప్పు పట్టిందంటే నీళ్లన్నీ కింద కొయ్య మీదకి దిగి, కొన్నేళ్లకి అది మెత్తబడిపోతుంది. ఈ వేసవిలోనే అక్కడి పెంకులు దింపించి, కొత్త రేకు కాస్త వెడల్పుగా వేయించి, పాడైన వాసాలు మార్పించండి. మండువా నీళ్లు బయటికి పోయే తూము పూడుకుపోయిందేమో కూడా చూడండి, గోడల అడుగు నానడానికి అదీ ఒక కారణం.

గానుగలో నూరిన సున్నంతో కట్టిన గోడలైతే పెచ్చులూడిన చోట సిమెంటు మాత్రం పూయించొద్దు. సున్నం గోడ తేమని మెల్లగా బయటికి వదిలేస్తుంది, సిమెంటు దాన్ని లోపలే ఆపేస్తుంది, ఇక చెమ్మ ఇంకా పైకి పాకుతుంది.

స్లాబు అసలే వద్దు. ఆ బరువు మోయడానికి కట్టిన గోడలు కావవి, పైగా వేడిగాలి పైకి పోయే దారి, గదులకి వెలుతురు వచ్చే దారి రెండూ ఆ మండువానే. కోతుల భయముంటే ఇనుప గ్రిల్లు పెట్టించండి, చాలు.

అలాగని ఏదీ ముట్టుకోకూడదని కాదు, ఈ ఇళ్లూ కాలంతో మారుతూ వచ్చినవే. మనం పాతకాలపువి అనుకునే బంగాళా పెంకులు కూడా 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు ఫ్యాక్టరీ పెట్టాక వ్యాపించిన రకమే, అంతకుముందు కుమ్మరులు చేసిన, సగం గొట్టంలా ఉండే గూన పెంకులే ఎక్కువ. బాత్రూములు, వంటగది పెరటి వైపు విడిగా, సౌకర్యంగా కట్టుకోండి. ఇల్లు పడగొట్టి, టేకు స్తంభాలు అమ్మేసుకుని, తర్వాత సిమెంటు హాల్లో అలంకారానికి ఎవరింటివో రెండు స్తంభాలు కొనితెచ్చి నిలబెట్టుకుంటున్నారు, చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మీ చుట్టుపక్కల పాత ఇళ్ల పని తెలిసిన వడ్రంగి ఉంటే ముందు ఆయన్ని పిలిపించి, స్తంభాల మొదళ్లు, దూలాల చివర్లు తట్టి చూడమనండి. అవి గట్టిగా ఉన్నాయని ఆయన చెబితే, ఆ మాట మీ అన్నయ్యల ముందే చెప్పించండి.